మూడు దారాల దగ్గర మొదలు

చిరిగిన వలను బాగుచేయడానికి కూర్చున్న మనిషి మొట్టమొదట దాన్ని ఇంకొంచెం కోస్తాడు. కొత్తగా చూసేవాళ్ళ ప్రాణం ఉసూరుమంటుంది. సొరచేప కొరికిందో, పడవ ఫ్యాను రెక్కకు చుట్టుకుందో, నీళ్ళ అడుగున ఏ రాయికో తగులుకుందో, మొత్తానికి ఒకచోట వల పోయింది. ఆ చోటును మోకాళ్ళ మీద పరుచుకుని, బాగానే ఉన్నాయనిపించే దారాలను కూడా చిన్న కత్తితో తెంపుకుంటూ పోతాడు. జానెడు చినుగు మూరెడు అవుతుంది. అప్పుడు గానీ సూది చేతికి తీసుకోడు.

ఎందుకట్టా అని అడిగితే "పట్టుకుని చూడు" అంటారు. వల ఒక కొస మన చేతికిస్తారు. నిజంగానే అది పట్టుకుంటే తప్ప తెలిసే సంగతి కాదు.

నెల్లూరు తీరంలో ఈ పని ఏడాది పొడుగునా కనిపిస్తుంది గానీ, తీరుబడిగా చూడాలంటే ఎండాకాలం వెళ్ళాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకూ, ఇంజను బిగించిన పడవలకూ సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. 2015కు ముందు ఇది 47 రోజులే ఉండేది. ఆ రెండు నెలలూ తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం ఒడ్డున పడవలు ఇసుక మీదికి ఎక్కుతాయి. వలలకు మాత్రం సెలవు లేదు. పందిరి కిందో, చెట్టు నీడనో, నీడ దొరక్కపోతే తిరగేసిన పడవ పక్కనో నలుగురైదుగురు ఒకే వల చుట్టూ కూర్చుంటారు. ఈ తీరంలో సముద్రపు వేట చేసేవాళ్ళలో ఎక్కువమంది పట్టపువాళ్ళు. ఇళ్ళలో తమిళం కలిసిన మాట, బజారులో నెల్లూరు తెలుగు. వల దగ్గర కూర్చున్నాక రెండు భాషలూ తక్కువే వినిపిస్తాయి.

వలలో నాలుగు ముడుల మధ్య ఉన్న ఖాళీ ఒక కన్ను. ఒక్కో ముడి నుంచి నాలుగు దారాలు బయల్దేరి పక్క ముడులకు పోతాయి. చేప ఆ కన్నులో తల దూర్చాలి, ఒళ్ళు పట్టకూడదు. వెనక్కి రాబోతే మొప్పలు తగులుకోవాలి. అందుకే కవళ్ళకు చిన్న కన్ను, కానాగంతలకు అంతకంటే పెద్దది, వంజరానికి ఇంకా పెద్దది. ఒకచోట కన్ను సాగినా, ముడుచుకున్నా అక్కడ పడవలసిన చేప పడదు. కాబట్టి బాగుచేసిన చోట కొత్త కన్ను పాత కన్నంతే రావాలి. దాదాపుగా వస్తే చాలని సరిపెట్టుకునే వీలు ఈ పనిలో లేదు.

ఇక కోత సంగతి. చినుగు అంచున ముడులను ఒక్కొక్కటే పట్టి చూస్తే కొన్నిటికి మూడు దారాలు మిగిలి ఉంటాయి, కొన్నిటికి రెండు, కొన్నిటికి ఒకటే. ఒకటే మిగిలినది ఎందుకూ కొరగాదు, తీసేయాలి. మూడు మిగిలినవాటిలో ఒకటి తెంపి రెండుకు తేవాలి. చివరికి అంచు చుట్టూ రెండేసి దారాల ముడులే మిగలాలి, రెండుచోట్ల తప్ప. పైన ఒక మూడు దారాల ముడి, కింద ఒక మూడు దారాల ముడి అట్లాగే ఉంచుతారు. పైదాని దగ్గర అల్లిక మొదలవుతుంది, కిందిదాని దగ్గర ముగుస్తుంది. ముడికి నాలుగు దారాలుండాలి కదా. మొదలుపెట్టేచోట పాతవి మూడు, కొత్తది ఒకటి. నడుమ వచ్చే ప్రతి ముడిలోకీ కొత్తదారం ఒకసారి వచ్చి ఒకసారి వెళుతుంది కాబట్టి అక్కడ పాతవి రెండు, కొత్తవి రెండు. ఆఖరున మళ్ళీ మూడూ ఒకటి. కోసేటప్పుడు లెక్క తప్పి నడుమ ఎక్కడైనా మూడు దారాల ముడి మిగిలిపోయిందా, దానికి ఐదో దారం వచ్చి చేరుతుంది. కిందికి దిగేకొద్దీ ఈ పక్క కళ్ళూ ఆ పక్క కళ్ళూ కలవవు. అప్పటిదాకా చేసిన పనంతా విప్పుకోవాలి.

నేర్చుకునేవాళ్ళు తరచుగా దెబ్బతినేది ఇక్కడే. అల్లడం రాక కాదు, కోయడానికి చెయ్యి రాక. బాగున్న దారాన్ని తెంపడం పాపమనిపిస్తుంది. చినుగును చిన్నదిగానే ఉంచి, ఉన్నవాటికి ఉన్నట్టు ముడులు వేసి దగ్గరికి లాగేస్తారు. వల చూడ్డానికి మూసుకుపోయినట్టే ఉంటుంది. నీళ్ళలో దించి లాగితే బరువంతా ఆ బిగిసిన చోట పడి, పక్కనే మళ్ళీ పుటుక్కుమంటుంది.

లెక్క కాగితం మీద సులువే. వల మీద కంటితో చేయబోతే తెలుస్తుంది అసలు చిక్కు. పల్చటి నైలాను దారం, చేప కంటికి ఆనకూడదనే చేసింది, ఎండలో మన కంటికీ ఆనదు. పైగా వల ఎప్పుడూ ఒక్క పొరగా ఉండదు. మీద మీద పడి నాలుగైదు పొరలుంటుంది. ఏ దారం ఏ ముడిదో చూపు తేల్చుకోలేదు. వేళ్ళు తేలుస్తాయి. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ముడిని పట్టి ఒక్కసారి దొర్లిస్తారు, కొంచెం లాగి వదులుతారు. రెండు దారాలే ఉన్న ముడి ఒకవైపు వాలుతుంది. మూడున్నది అంత తేలిగ్గా వాలదు. దొర్లించడం, లాగడం, వదలడం కలిసి ఒకే కదలికగా జరిగిపోతాయి. పక్కన కూర్చుని చూస్తే మనిషి వలను ఊరికే నలుపుతున్నట్టు ఉంటుంది. ఆ నలపడమే లెక్కపెట్టడం. ఇంతలో ఆయన చూపు సముద్రం మీదో, వచ్చేపోయేవాళ్ళ మీదో ఉంటుంది.

ఈ నలపడాన్ని శాస్త్రం కొంచెం ఆలస్యంగా పట్టించుకుంది. 1980లలో రొబెర్టా క్లాట్జ్కీ, సుసాన్ లెడర్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు మనుషుల కళ్ళకు గంతలు కట్టి, రోజూ వాడే వస్తువులు 100 ఒక్కొక్కటిగా చేతికిచ్చారు. నూటికి 96 సార్లు సరిగ్గా పేరు చెప్పారు, చాలావరకు ఐదు సెకన్ల లోపే. 1987లో అదే ఇద్దరు ఇంకో మంచి సంగతి బయటపెట్టారు. చెయ్యి వస్తువును ఎట్లాపడితే అట్లా తడమదు. గరుకుదనం తెలియాలంటే పక్కలకు రుద్దుతుంది, గట్టిదనానికి నొక్కుతుంది, బరువుకు ఎత్తి పట్టుకుంటుంది, చల్లదనానికి కదలకుండా ఆనిస్తుంది, మొత్తం ఆకారానికి గుప్పిట్లోకి తీసుకుంటుంది, అంచుల కోసం వేలు వెంట నడుపుతుంది. ఏ ప్రశ్నకు ఏ కదలికో చేతికి ముందే తెలుసు.

చేపల బజారుకు వెళ్ళినవాళ్ళందరికీ ఇందులో ఒకటి తెలిసిందే. చందువ మీద వేలు పెట్టి నొక్కుతాం, గుంట పూడితే కొంటాం, పూడకపోతే ముందుకెళతాం. అమ్మే ఆమె మనకంటే ముందే, తెల్లారుజామున తట్టలోకి ఏరేటప్పుడే నొక్కి చూసుకుని ఉంటుంది. వల బాగుచేసేవాడి చేతిలో మాత్రం ఈ కదలికలు కలగాపులగంగా నడుస్తాయి. దారాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్దితే ఎన్నాళ్ళ వలో తెలుస్తుంది. నైలానుకు ఎండ పడదు. ఎండకు మాగినకొద్దీ నునుపు పోయి పెళుసెక్కుతుంది. అలాంటి చోట కత్తి ఇంకొంచెం లోపలికి పోవాలి. కుళ్ళిన గోడకు సున్నం వేసి ఏం లాభం? అంచునున్న నాలుగు కళ్ళను రెండు చేతుల బొటనవేళ్ళకు తగిలించి టక్కున లాగుతారు. తెగితే ఆ మేరా తీసేయడమే.

ఇలాంటి ప్రయోగాల్లోనే మరో ఫలితం ఉంది, నాకు అది మరీ నచ్చింది. వస్తువును కాక, వస్తువు బొమ్మను ఉబ్బెత్తు గీతలుగా వేసి గంతలు కట్టినవాళ్ళకు ఇస్తే చాలామంది గుర్తుపట్టలేకపోయారు. అదే వేలు, అదే చర్మం. గీతలో వస్తువు రూపురేఖ ఉంది గానీ బరువు లేదు, గట్టిదనం లేదు, లోతు లేదు. ముడులు నేర్పే పుస్తకాలతో వచ్చే చిక్కు కూడా ఇదే. క్లిఫర్డ్ ఆష్లే 1944లో అచ్చువేసిన ముడుల పుస్తకంలో 3,800 పైచిలుకు అంశాలున్నాయి, వేల బొమ్మలున్నాయి. అందులో ఒకటో నంబరు ముడి మన వలలో ఉన్నదే. బొమ్మ చూస్తే దారం ఏ దారిన పోయిందో తెలుస్తుంది. ఎంత బిగిలో పోయిందో, ఏ క్షణాన ఏ వేలు వదలాలో బొమ్మలో లేదు. ఫోనులో చూసే వీడియోలోనూ లేదు.

ఆ ముడి వేసే తీరు ఇది. సూది పై వరస కన్నులోకి కిందినుంచి దూరి పైకి వస్తుంది. దారం లాగితే ఆ కన్ను దిగివస్తుంది. కొత్త కన్ను ఎంత పొడుగుండాలో అంతకు రాగానే ఆపి, పై కన్ను అడుగు కొసను బొటనవేలితో చూపుడువేలి మీదికి నొక్కి పడతారు. మిగిలిన దారాన్ని పైకి విసిరితే ఎడమ పక్కన చుట్టలాగా పడుతుంది. సూది ఆ పై కన్ను రెండు దారాల వెనకగా పోయి, ఆ చుట్టలోంచి ఇవతలికి వస్తుంది. కిందికి ఒక్క లాగు. బిగిసింది. రాయడానికి ఇన్ని మాటలు పట్టింది, చేసేవాడికి ఊపిరి తీసి వదిలినంత సేపు పట్టదు.

ఇందులో అన్నిటికంటే మెచ్చుకోవలసింది బొటనవేలు. దారం లాగుతున్నంతసేపూ అది కన్ను కొసను నొక్కిపెట్టి ఉంటుంది. ముడి కూర్చోకముందే బొటనవేలు లేస్తే, కొత్త చుట్ట పై కన్నును పట్టకుండా దాని కిందికి జారి తనను తానే పట్టుకుంటుంది. పైకి ముడిలాగే ఉంటుంది. చేప గుద్దితే అటూ ఇటూ జరుగుతుంది. ఒక కన్ను పెద్దదై పక్క కన్ను చిన్నదవుతుంది. బొటనవేలు మరీ ఆలస్యంగా లేస్తే ముడి సగంలో ఆగి వదులుగా ఉంటుంది. సరైన క్షణం వేలి కిందే తెలుస్తుంది. దారం దారాన్ని కరిచి కుదురుకునేటప్పుడు చిన్న అదురు పుడుతుంది. కంటికి అందని, చెవికి వినపడని అదురు. మన చర్మం అడుగున అదురును పట్టే నరపు కొసలు ప్రత్యేకంగా ఉన్నాయి. ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా ఉండే వాటిని 1830లలో ఇటలీలో ఫిలిప్పో పాచినీ అనే వైద్య విద్యార్థి గుర్తించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. తాడు ఆ కొసన ఏం తగిలిందో ఈ కొసన పట్టుకున్న చేతికి తెలియడం వాటి చలవే.

నూలు వలల కాలంలో దారానికి సహజంగానే పట్టు ఉండేది. పత్తి నూలు, జనపనార వలలను చెట్టు బెరడు కషాయంలో ఉడకబెట్టి, ఆరబెట్టి వాడేవారు, లేకపోతే ఉప్పునీళ్ళకు కుళ్ళిపోయేవి. వేట నుంచి రాగానే ఆరేయడం రోజువారీ చాకిరీ. 1960ల తర్వాత నైలాను వచ్చి ఆ చాకిరీ తీసేసింది. కుళ్ళదు, తేలిక, బలం. కానీ జారుడు. నూలులో ఒక చుట్టతో నిలిచే ముడి, ఒంటిపోగు నైలానులో నిలవదు. ఇంకో చుట్టు వేసి జంటముడి చేయాలి. తాతల చేతిలో ఉన్న ముడిని కొడుకుల కాలంలో వేళ్ళు కొత్తగా మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. ఎంత లాగితే చాలు, ఎంత లాగితే దారం తెగుతుంది అన్న కొలత మొత్తం మారిపోయింది. ఇలాంటి మార్పులు ఏ చరిత్ర పుస్తకంలోకీ ఎక్కవు. మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖను నడిపిన జేమ్స్ హోర్నెల్ 1920లలో కోరమండల్ తీరపు వేట పద్ధతుల గురించి శ్రద్ధగా రాసిపెట్టాడు కాబట్టి నూలు కాలపు వలల గురించి మనకు కొంతైనా తెలుసు. నైలానుకు అలాంటి హోర్నెల్ రాలేదు.

ఈ ముడికి సముద్రంతోనే చుట్టరికం అనుకోనక్కర్లేదు. కోవూరు దగ్గర పాటూరులో మగ్గం మీద పడుగు పోగు తెగితే నేతగాడు అతికే ముడి కూడా దీని అన్నదమ్మే. వేసే తీరు వేరు, బిగిశాక రూపం ఒకటే. పోగు లావెక్కకుండా, పన్నెలో ఇరుక్కోకుండా చిన్నగా కూర్చోవడం అక్కడ కావాలి. జారకుండా ఉండడం ఇక్కడ కావాలి. ఇక వయసంటారా, మనిషి వలలు అల్లడం బహు పాతది. 1913లో అప్పటి ఫిన్లండ్‌లో ఆంత్రెయా అనేచోట ఒక రైతుకు బురదలో వల ముక్కలు దొరికాయి. విల్లో చెట్టు నారతో అల్లినది, దాదాపు 10,000 ఏళ్ళ నాటిది, కన్ను సుమారు ఆరు సెంటీమీటర్లు. ఆ కన్నుకు చేప ఎంతది పడుతుందో మైపాడులో ఎవరికి చూపినా చెప్పగలరు.

కన్ను కొలవడానికి వెదురు బద్ద ఒకటి ఉంటుంది. కొత్త వల అల్లేటప్పుడు దాని చుట్టూ దారం తిప్పితే కళ్ళన్నీ ఒక్కలాగే వస్తాయి. బాగుచేసేటప్పుడు చేయి తిరిగినవాళ్ళు బద్ద జోలికి పోరు, వేళ్ళే బద్ద. రెండు వేళ్ళు పట్టే కన్ను, మూడు వేళ్ళు పట్టే కన్ను అని లెక్క. ఇదేదో ఉజ్జాయింపు అనుకోకూడదు. జర్మనీలో ఎర్న్‌స్ట్ వేబర్ 1834లో వృత్తలేఖిని రెండు మొనలను ఒంటిమీద తాకించి, ఎంత దగ్గరగా ఉన్నా అవి రెండని తెలుస్తుందో కొలిచాడు. వీపు మీద నాలుగు సెంటీమీటర్ల దూరం ఉంటే గానీ రెండని తెలియదు. వేలికొసన రెండు మిల్లీమీటర్లు చాలు. ఒంట్లో ఇంత చురుకైన కొలబద్ద ఇంకోటి నాలుక కొసనే ఉంది, దానితో వల అల్లలేం.

నేర్చుకునే కుర్రాడికి ముందుగా సూది ఇవ్వరు. వలలోంచి చేపలు తీయమంటారు. మొప్ప దగ్గర దారం ఎటు లాగితే వదులుతుందో, పీత డెక్కకు చుట్టుకున్న వలను తెగకుండా ఎట్లా విప్పాలో నెలల తరబడి చేస్తే వల స్వభావం వేళ్ళకు ఎక్కుతుంది. ఆ తర్వాత సూదికి దారం చుట్టే పని. వల సూది అంటే జానెడు చదును బద్ద, ఒక కొస మొనదేలి ఉంటుంది, నడుమ నాలుక, అడుగున చీలిక. ఒకప్పుడు వెదురు, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్కు. నాలుకకు తగిలించి, చీలికలోంచి దింపి, రెండో పక్క మళ్ళీ నాలుకకు ఎక్కిస్తారు. ఎక్కువ చుడితే సూది లావై కన్నులో దూరదు. తక్కువ చుడితే మాటిమాటికీ అతుకు. ఎవరూ ఇన్ని చుట్లని చెప్పరు. కన్నులో ఇరుక్కున్నప్పుడు తెలుస్తుంది.

ఆపైన ముడి. నేర్పే పెద్దాయన ఎదురుగా కూర్చోడు, పక్కన కూర్చుంటాడు, చేతులు ఒకే దిక్కుగా కదలాలి కదా. ఎడమచేతి వాటం పిల్లాడైతే ఎదురుగా కూర్చోబెట్టుకోవడం మేలు, అద్దంలో చూసినట్టు సరిగ్గా అందుతుంది. పిల్లాడు వేసిన ముడిని పెద్దాయన చూడడు. లాగుతాడు. జారిందంటే విప్పేసి మళ్ళీ చేతికిస్తాడు. "అట్ట గాదబ్బయా, బొటనేలు అప్పుడే తీయబాక." చాలాసార్లు ఆ ఒక్క మాట కూడా ఉండదు, పిల్లాడి బొటనవేలి మీద తన బొటనవేలు పెట్టి నొక్కి ఉంచుతాడు. ముడి కుదురుకోగానే తను తీస్తాడు. రెండు బొటనవేళ్ళూ ఒకేసారి లేస్తాయి. పాఠం మొత్తం అంతే. మాటల్లో చెప్పబోతే పేజీ పట్టేది, పై వేలి బరువులో అర సెకనులో చేరిపోయింది.

వేలితో నేర్చే చదువుకీ ఈ తీరానికీ ఇట్లాంటి సంబంధమే ఇంకోటి ఉంది. మన వీధిబడుల్లో పిల్లలు ఓనమాలు మొదట ఇసుకలో వేలితో దిద్దేవారు. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాచార్యుడు, ఊరి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాస్తూ నేర్చుకోవడం చూసి తన బడిలో పెట్టాడు. 1797లో ఇంగ్లండులో దాని మీద పుస్తకం వేశాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం, ఇసుక పళ్ళెంలో అక్షరాలు దిద్దడం కలిసి ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండు బడులకెక్కాయి. బెల్ ఆశ్రమం బాధ్యత తీసుకున్న నూటయాభై ఏళ్ళకు, 1939లో మరియా మాంటిస్సోరి అదే మద్రాసులో, అడయారు దివ్యజ్ఞాన సమాజానికి వచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. గరుకు కాగితంతో కోసి అట్టకు అంటించిన అక్షరాల మీద పిల్లలు వేళ్ళు నడపాలన్నది ఆమె పద్ధతి. ఇసుకలో దిద్దిన తాతమ్మలున్న దేశానికి ఆమె ఆ గరుకు కాగితాన్ని తెచ్చింది. వింతే, అయినా మంచిదే. మనం అప్పటికి ఇసుకను వదిలేసి పలక పట్టాం.

వేళ్ళు నేర్చుకుంటే నేర్చుకున్నది ఎక్కడ ఉంటుంది? వేళ్ళలో కాదు. 1995లో జర్మనీలో కొందరు పరిశోధకులు వయొలిన్‌లాంటి తీగ వాద్యాలు వాయించేవాళ్ళ మెదళ్ళను పరీక్షించారు. ఎడమచేతి వేళ్ళ స్పర్శను అందుకునే చోటు మిగతావాళ్ళ మెదడులో కంటే వాళ్ళ మెదడులో విశాలంగా ఉంది. చిన్నతనంలో మొదలుపెట్టినవాళ్ళలో మరీ విశాలంగా ఉంది. వల అల్లేవాళ్ళ మెదడును ఎవరైనా అట్లా చూస్తే బాగుండు. పదేళ్ళకే ఒళ్ళో వల పెట్టుకున్నవాళ్ళకు ఈ పాలేల్లో కొదవా?

చేతికి తనెక్కడుందో తెలియడం కూడా స్పర్శలో భాగమే, మనం గుర్తించం గానీ. ఒత్తిడిని పట్టే ప్రోటీన్లను కనిపెట్టినందుకు ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021 నోబెల్‌లో సగం వచ్చింది. అందులో పియెజో-2 అనేది పుట్టుకతో పనిచేయని ఇద్దరిని 2016లో వైద్యులు పరిశీలించారు. కళ్ళు తెరిచి ఉంటే వాళ్ళు నడవగలరు. కళ్ళు మూస్తే అడుగు తడబడి పడిపోబోతారు. వేలిని ఎవరైనా పైకీ కిందికీ కదిపితే ఎటు కదిపారో చెప్పలేరు. తెల్లారుజామున మూడింటికి, లైటు ఎటో ఉండి, పడవ ఊగుతుంటే, తెగిన పైతాడును తడిమి నాలుగు ముడులు వేసి మళ్ళీ నీళ్ళలో వదిలే మనిషి ఆ ప్రోటీను మీద ఎంత బరువు మోపుతున్నాడో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

నీళ్ళలో నానిన వేళ్ళు ముడతలు పడతాయి. చర్మం నాని ఉబ్బిందని అనుకుంటాం, అది కాదు. వేలి నరం తెగినవాళ్ళకు ఆ ముడతలు రావని 1930ల నుంచే వైద్యులకు తెలుసు, అంటే నరాలు పని పెట్టుకుని ముడతలు పెడుతున్నాయి. ఎందుకు? 2013లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో తడి గోళీలను ఒక చోటినుంచి ఇంకో చోటికి మార్చమన్నారు. ముడతలు పడ్డ వేళ్ళు ఆ పనిని త్వరగా చేశాయి. తర్వాత ఇంకో బృందం చేసి చూస్తే తేడా కనిపించలేదు, మరో బృందానికి కనిపించింది. తగవు తెగలేదు. శాస్త్రవేత్తలు గోళీలు పక్కనపెట్టి ఒకసారి తడి నైలాను వల లాగించి చూస్తే ఏమన్నా తేలుతుందేమో.

కాయలు కాసిన చేతుల మాటేమిటని సందేహం రావచ్చు. ఉప్పు, తాడు, ఎండ కలిసి అరచేతిని అట్టలాగా చేస్తాయి. వయసుతో వేలికొస చురుకు కూడా తగ్గుతుంది, వేబర్ మొనలు పెట్టి చూస్తే అరవై ఏళ్ళ చేయి ఇరవై ఏళ్ళ చేతికి ఓడిపోతుంది. మరి వల దగ్గర అరవై ఏళ్ళ చేయే గెలుస్తుందేం? ముడి కుదిరిన అదురు చర్మం పైపొరలో ఆగేది కాదు, లోతుకు పోతుంది. దారం బిగి తెలిసేది కండరాల్లో, వాటి నరాల్లో. కాయలు అక్కడిదాకా అడ్డం రావు. పైగా ఆ చేయి వెతుకులాడదు. ఏది తగలాలో దానికి ముందే తెలుసు కాబట్టి తగిలిందా లేదా అన్నంత వరకే చూసుకుంటుంది.

యంత్రాలు రాలేదా అంటే, వచ్చి రెండు వందల ఏళ్ళయింది. 19వ శతాబ్దం తొలి పాదంలోనే స్కాట్లండ్‌లోని మసెల్‌బరోలో జేమ్స్ పాటర్సన్ వల అల్లే యంత్రం చేశాడు. ఇవాళ నెల్లూరు తీరంలో దాదాపు ఎవరూ వలను మొదటినుంచి చేత్తో అల్లరు. మిషను వల కట్టలుగా వస్తుంది. దాన్ని తాళ్ళకు ఎక్కించడం మాత్రం చేతిపనే. పైతాడుకు బెండ్లు, అడుగు తాడుకు సీసపు గుళ్ళు. వలను తాడుకు బిర్రుగా లాగి కట్టకూడదు, వదులుగా కుచ్చు పోయాలి. చాపి పట్టుకుంటే నూరు మీటర్లుండే వలను సుమారు యాభై మీటర్ల తాడుకు ఎక్కిస్తే కన్ను బాగా విచ్చుకుంటుంది. తాడు ఇంకా పొడుగైతే వల బిగుసుకుని చేప గుద్ది వెనక్కి పోతుంది, మరీ పొట్టిదైతే వల గుడ్డలాగా వేలాడి చేపను చుట్టేస్తుంది. జేనకు ఇన్ని కళ్ళని వేళ్ళ మీద జారవిడుస్తూ, ఒక కట్టు కట్టి మళ్ళీ జారవిడుస్తూ తాడు వెంట సాగిపోతారు. మాట్లాడుకుంటూనే చేస్తారు, లెక్క తప్పదు.

చిరుగును బాగుచేయడం కూడా ఇంకా చేతిపనే, ఒక చిరుగు ఇంకో చిరుగులాగా ఉండదు కాబట్టి. కాకపోతే కొత్త వల చవకైంది, కూలి పెరిగింది. పెద్ద చిరుగైతే ఆ ముక్క మొత్తం కోసేసి కొత్త ముక్క అతికించడమే లాభమని లెక్క వేసుకుంటున్నారు. అందులోనూ అన్యాయమేమీ లేదు, వల బతుకు కోసం ఉంది గానీ మన మెప్పు కోసం కాదు. అయితే ఆ ముక్క అతికేటప్పుడు కూడా అంచును రెండేసి దారాలకు కోసి సిద్ధం చేయాల్సిందే, మూలల్లో మూడు దారాల సంగతి చూసుకోవాల్సిందే.

మంచి అతుకు కంటికి దొరకదు. వేలికి దొరుకుతుంది. మిషను ముడులు వేడికి బిగించినవి, అన్నీ ఒకే వరసలో ఒకే వైపు తలవంచి ఉంటాయి. చేతి ముడి రవ్వంత లేచి ఉంటుంది, దాని తోక కొంచెం వేరే దిక్కుకు తిరిగి ఉంటుంది. జూన్ 14 సాయంత్రం వలలను పడవలోకి ఎక్కించేటప్పుడు ఇద్దరు మనుషులు తాళ్ళు రెండూ పట్టి మడతలు వేస్తుంటారు, వల వాళ్ళ అరచేతుల్లోంచి పోతుంటుంది. అతుకు వచ్చినచోట చేయి ఆగి ఒక్క గుంజు గుంజి చూస్తుంది. బిగి చాలకపోతే వేసినవాడి పేరు పెట్టి పిలిచి, సూది పట్టుకుని రమ్మంటారు.